చెట్టు అన్నయ్యది, తీగ చెల్లెలిది

సింతీ లోయలో పాతకాలపు ద్రాక్షతీగలకి పందిళ్లు వేయరు. పక్కన ఒక మోల్యె చెట్టు ఉంటే చాలు, తీగే దాని భుజమెక్కి కూర్చుంటుంది. మోల్యెది వేపాకు కంటే సన్నటి ఆకు, మిరియాల్లాంటి ఎర్ర కాయ. మధ్యాహ్నపు ఎండకి పండు మాడకుండా, వడగళ్లకి చితకకుండా ఆ ఆకే కాస్తుంది. రెండు వేల నాలుగొందల మీటర్ల ఎత్తున, ఎర్రటి కొండచరియల నడుమ, ఇంతకంటే మంచి గొడుగు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. కానీ ఏటా చలికాలం ఆఖర్న, ఆగస్టులో ఎక్కి కొమ్మలు పల్చన చేయకపోతే ఆ గొడుగే తీగని చీకట్లో పెట్టి చంపుతుంది. తీగని కత్తిరించకపోతే దాని బరువుకి చెట్టు చీలిపోతుంది. రెండింటికీ ఒకే నెలలో కత్తి పడాలి.

సెంతేనో కుటుంబం తోటలో ఇలాంటి జంటలు నూట నలభై ఉన్నాయి. వాటిలో పెద్దది ఇంటి వెనకాల ఉంది. దాని తీగ మొదలు మనిషి నడుమంత లావు. ఎవరు నాటారో ఎవరికీ తెలియదు కాబట్టి అందరూ దాన్ని అవ్వ అంటారు. అవ్వ పండుతో ఏటా ఒక్క బాన వైన్ వస్తుంది, అరవై సీసాలు. లా పాస్ నుంచి వచ్చే హోటలు వాళ్లు ముందు ఆ అరవై సీసాల సంగతే అడుగుతారు, మిగతావి తర్వాత. చెట్టు పేరు చెప్పుకుని కాయలమ్ముకోవడం అని ఎగతాళిగా అంటారు గానీ, ఆ ఇల్లు నిజంగా అలాగే బతుకుతోంది.

ఆ అవ్వ దెల్ఫీనాది. అవ్వ ఎక్కి కూర్చున్న చెట్టు మాత్రం దెల్ఫీనాది కాదు, ఆమె అన్న క్రిసాంతోది.

తండ్రి పోయాక కమార్గో పట్నం నుంచి కొలతలాయన వచ్చి తోటకి అడ్డంగా తాడు పట్టాడు. అన్నకి సగం, చెల్లెలికి సగం. తాడు తిన్నగా వచ్చి, చెట్టు మొదలుకీ తీగ మొదలుకీ మధ్య ఉన్న మూరెడు జాగాలోంచి వెళ్లింది. తాడు ఒక మూర అటో ఇటో జరపమని ఇద్దరిలో ఎవరు అడిగినా కొలతలాయన జరిపేవాడే. కానీ అప్పటికే వాళ్లిద్దరికీ మాటల్లేవు. మాటలు లేనివాళ్లు మూర గురించి మాత్రం ఎలా మాట్లాడుకుంటారు? తాడు వెళ్లిన చోట ఒక రాయి పాతి, కొలతలాయన తన దారిన తాను పోయాడు.

మాటలు ఎందుకు పోయాయో లోయంతా తెలుసు. తండ్రి ఎవారిస్తో పోయింది ఫిబ్రవరి ఆఖర్లో, కోత మొదలైన వారంలో. క్రిసాంతో బుట్టల కోసం ఏరు దాటి వెళ్లాడు. ఆ సాయంత్రమే ఎగువన వాన పడి ఏరు పొంగింది. ఇక్కడ తండ్రి ప్రాణం పోయింది. ఒక రోజు చూశారు. రెండో రోజు పొద్దున, అన్నకోసం ఇంకొక్క రోజు ఆగుదామా అని ఎవరో అడిగితే, నిద్రలేక ఏడ్చి ఏడ్చి ఉన్న దెల్ఫీనా, రావాలనుకున్నవాడికి ఏరొక అడ్డమా అనేసింది. శవాన్ని ఎత్తారు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. ఆ మాట నీళ్లు తగ్గకముందే ఏరు దాటింది. మర్నాడు క్రిసాంతో వచ్చి సమాధి దగ్గర కూర్చుని, ఇంట్లో అడుగు పెట్టకుండా తోట అవతలి వైపు కొట్టంలోకి వెళ్లిపోయాడు. తర్వాత అక్కడే ఒక గది వేసుకున్నాడు. ఆయనకి పెళ్లాం పోయి అప్పటికే చాలాకాలం, పిల్లలు లేరు.

ఇక్కడ దెల్ఫీనా ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. శ్మశానం కొండ మీద నిలబడినప్పుడు అవతలి ఒడ్డున ఆమెకి ఒక టోపీ కనిపించింది. అది ఎవరిదో గుర్తుపట్టింది. అయినా ఆగమని అనలేదు.

అలా పదేళ్లు దాటిపోయాయి. అయినా అవ్వకి ఏ లోటూ రాలేదు, అదే వింత. జూలై ఆఖర్లో శాంతియాగో పండగ వెళ్లి, ఆగస్టు పుట్టాక వచ్చే మొదటి మంగళవారం క్రిసాంతో ఎక్కి చెట్టు కొమ్మలు పల్చన చేసేవాడు. బుధవారం దెల్ఫీనా ఎక్కి తీగ కత్తిరించేది. ఆయన ఏ కొమ్మ తీశాడో చూసి ఈమె ఏ కణుపు దగ్గర కొయ్యాలో తేల్చుకునేది. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఇద్దరూ ఒకే పని చేసేవారు. మార్చిలో కోత, తొక్కడం, బానకి ఎత్తడం. జూన్‌లో సాన్ హువాన్ పండగ నాడు బాన మూత తీసేవారు.

మూత తీసిన రోజుకి లోయలో ఒక పద్ధతి ఉంది. మొదటి చుక్కలు నేలతల్లి పాచమామకి. చెట్టు ఒకరిది, తీగ ఒకరిది అయితే, తర్వాతి కూజా చెట్టుగలవాడికి. దాన్ని చెట్టు వాటా అంటారు. ఆ తర్వాతే ఇంటివాళ్ల గొంతు తడవాలి. దెల్ఫీనా ఏటా ఆ కూజా తీసుకెళ్లి హద్దురాయి మీద పెట్టి వెనక్కి తిరిగి వచ్చేసేది. మర్నాడు కూజా అదే రాయి మీద ఖాళీగా, శుభ్రంగా కడిగి, బోర్లించి ఉండేది. తాగాడో, పారబోశాడో ఆమెకి తెలియదు. అడిగే దారి లేదు.

ఈ ఏడు జూన్‌లో కూజా చెవి విరిగి వచ్చింది. కడిగీ ఉంది, బోర్లించీ ఉంది, చెవి మాత్రం లేదు. దెల్ఫీనా దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. విసిరికొట్టాడన్నమాట అనుకుంది. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడెందుకని బాధపడింది, తర్వాత కోపం తెచ్చుకుంది. కోపమే మోయడం తేలిక.

శాంతియాగో పండగ వెళ్లింది. మంగళవారం వచ్చింది. క్రిసాంతో చెట్టెక్కలేదు. ఆ పై మంగళవారమూ ఎక్కలేదు. తన వైపున్న మిగతా చెట్లకి ఆయన కూలివాళ్లని పెట్టి కొమ్మలు కొట్టించాడు. అవ్వ చెట్టు జోలికి మాత్రం ఎవరినీ పోనివ్వలేదు. దెల్ఫీనా కూతురు నీల్దా బానల పనీ, సీసాల పనీ తల్లితో సమానంగా చేస్తుంది. కొమ్మలకేసి చూసి, ఇంకో పది రోజులు పోతే రసం పైకి లేస్తుంది, అప్పుడు కోస్తే తీగ కారి కారి నీరసపడుతుంది, కొయ్యకపోతే నీడలో కాయ పండదు అంది. తల్లికి తెలియని సంగతి కాదు. తెలిసిన సంగతి ఇంకొకరి నోట వింటే ఒళ్లు మండుతుంది, అంతే.

మూడోవారం బాసిలియా వచ్చింది. నీల్దా జ్ఞానస్నానం నాడు తల్లి స్థానంలో నిలబడిన జ్ఞానతల్లి ఆమె. అందుకని ఆమె, దెల్ఫీనా ఇద్దరూ ఒకరినొకరు కొమాద్రె అని పిలుచుకుంటారు. బాసిలియా ఊరి వార్తలన్నీ చెంగున కట్టుకుని తిరిగే మనిషి. ముందు మొక్కజొన్న గుగ్గిళ్లు రెండు పిడికిళ్లు తిని, జున్నుముక్క బాగుందని మెచ్చుకుని, అప్పుడు విప్పింది.

"కొమాద్రె, నేను చెప్పానని అనకు. మీ అన్న వాకిట్లోకి కట్టెల దుకాణం మనిషి వచ్చాడు. ఇద్దరూ ఆ చెట్టు కింద నిలబడి పైకీ కిందకీ చూసుకున్నారు. కొలిచారు కూడా."

"కొలిస్తే?"

"కట్టెలవాడు చెట్టుని పూజించడానికి కొలుస్తాడా?"

దెల్ఫీనా గుగ్గిళ్ల గిన్నె పక్కకి జరిపింది. చెట్టు ఆయనది. కొట్టేసుకుంటే అడిగే హక్కు ఎవరికీ లేదు. చెట్టు పడితే దాంతోపాటు రెండొందల ఏళ్ల తీగ నేలకి కొట్టుకుంటుంది. వెళ్లి ఒక్కమాట అడగవచ్చు కదా అని బాసిలియా అంది, నీల్దా అంది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమెందుకు అన్నారు. దెల్ఫీనా సరేనని రెండుసార్లు హద్దురాయి దాకా వెళ్లింది. రెండోసారి ఆయన వాకిట్లోనే ఉన్నాడు, ఉన్ని దుప్పటిలాంటి పోంచో కప్పుకుని. ఆమెని చూసి లోపలికి వెళ్లిపోయాడు. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. ఆ ఇంట్లో అలాంటి రాజులు ఇద్దరున్నారు.

శనివారం పొద్దున ఆమె లేచి పాత టోపీ పెట్టుకుని, తన నిచ్చెన భుజాన వేసుకుంది. నడుముకి కత్తెరా రంపమూ కట్టుకుంది. నీల్దా దారికి అడ్డం వచ్చింది.

"అమ్మా, అది మామయ్య చెట్టు. ఒకరి చెట్టు మీద ఇంకొకరు కత్తి వేస్తే ఈ లోయలో ఏమంటారో నీకు తెలుసు."

"దొంగ అంటారు. అననీ."

"తాతయ్య చెప్పిన మాట కూడా ఉంది. అవ్వ మీద పరాయి కత్తి పడకూడదని."

ఆ మాట దెల్ఫీనాకి తగిలింది. తాను పరాయిదా కాదా అన్నది తేల్చుకోవడానికి ఆమె దగ్గర కొలతాడు లేదు. కూతుర్ని పక్కకి తప్పించి నడిచింది. నీల్దా వెనకే వచ్చింది.

ఆగస్టులో నేలతల్లి నోరు తెరుచుకుని ఉంటుంది. అడగకుండా ఏ పనీ మొదలుపెట్టకూడదు. దెల్ఫీనా చెట్టు మొదట్లో నాలుగు కోకా ఆకులు పెట్టి, మీద కొంచెం వైన్ పోసింది. దొంగతనానికి వచ్చాను, క్షమించు అని మనసులో అనుకుంది. అప్పుడు చూసింది, చెట్టుకి అవతలి పక్క మూడు పంగల కర్రలు పాతి ఉన్నాయి. కొత్త కర్రలు. లావైన కొమ్మలు మూడింటికీ కిందనుంచి ఆనించి ఉన్నాయి. కొట్టేసే చెట్టుకి ఎవరైనా ఊతకర్రలు పెడతారా? కట్టెలవాడు కొలిచింది దీనికన్నమాట. అనుకుంది గానీ, అర్థం పూర్తిగా ఒంటబట్టలేదు. నిచ్చెన ఆనించి ఎక్కింది.

యాభై ఏడేళ్ల మనిషికి చెట్టెక్కడం ఆట కాదు. అయినా ఎక్కింది. నిచ్చెన ఆఖరి మెట్టు మీద నిలబడి చెయ్యి చాపితే పై కొమ్మకి జానెడు దూరం మిగిలింది. తన తీగ దాకా ఆ నిచ్చెన సరిపోయేది. చెట్టు తల దాకా ఎప్పుడూ ఎక్కలేదు, అది అన్న పని. ఇంకా చాచబోతుంటే కింద తలుపు చప్పుడైంది. క్రిసాంతో బయటికి వచ్చాడు. ఆమె చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆయన నడిచి వచ్చి, చెట్టు కింద ఆగి, తల ఎత్తి చూశాడు.

"ఆ నిచ్చెన అందదు," అన్నాడు.

పదేళ్ల తర్వాత మొదటి మాట అది. దెల్ఫీనా చాచిన చెయ్యి దించి నిచ్చెన పట్టుకుంది.

"తెలుసు," అంది.

"మూడు మెట్లు తక్కువ. నీల్దా, తాతయ్య నిచ్చెన నా గది వెనక గోడకి ఉంది, పట్టుకురా."

నిన్ననే పని చెప్పి పంపిన మనిషిలా చెప్పాడు. నీల్దా పరుగెత్తింది. తండ్రి నిచ్చెన వచ్చింది, దెల్ఫీనా దిగి మళ్లీ ఎక్కింది. క్రిసాంతో లోపలికి వెళ్లి ముక్కాలిపీట తెచ్చుకుని, హద్దురాయి పక్కన వేసుకుని కూర్చున్నాడు. పీటని ఎడమచేత్తో తెచ్చాడు. టోపీ ఎడమచేత్తో సర్దుకున్నాడు. పోంచో కింద కుడిచెయ్యి కదలలేదు. పైనుంచి అంతా కనబడుతుంది. దెల్ఫీనాకి విరిగిన కూజా చెవి గుర్తొచ్చింది, సిగ్గేసింది.

తర్వాత రెండు గంటలు రంపం చప్పుడూ, ఆయన గొణుగుడూ తప్ప ఇంకేం లేదు. అది కాదు, దాని పైది. తూర్పువైపు తెరువు, పడమర అలాగే ఉంచు, మధ్యాహ్నపు ఎండ అటు కదా వచ్చేది. పచ్చికొమ్మ కొయ్యకు, అది వచ్చే ఏటికి పనికొస్తుంది. చిన్నప్పుడు తండ్రి కింద కూర్చుని సరిగ్గా ఇలాగే చెప్పేవాడు, క్రిసాంతో పైన ఉండేవాడు, దెల్ఫీనా కింద కొమ్మలేరేది. ఆమె ఎదురుచెప్పకుండా కోసింది. అమ్మ తన జన్మలో ఎవరి మాటా అంతసేపు వినలేదని నీల్దా తర్వాత అందరికీ చెప్పింది.

చెట్టు అయ్యాక తీగకి వచ్చింది. ఉత్తరం వైపు రెమ్మ పట్టుకుని కత్తెర పెట్టబోతుంటే కిందనుంచి ఆపాడు.

"అక్కడ రెండు కణుపులే ఉంచు. ఏడో ఏడు నువ్వా రెమ్మకి ఐదు వదిలావు. అందుకే ఆ ఏడు వైన్ నీళ్లనీళ్లగా వచ్చింది."

కత్తెర ఆగింది.

"నీకెలా తెలుసు?"

"తాగాను కాబట్టి తెలుసు. నాలుగో ఏడు తొక్కుడు తొట్టి సరిగ్గా కడగలేదు, వాసన పట్టింది. ఆరో ఏడు తొందరపడి కోశావు. తొమ్మిదో ఏడు బాగుంది." కొంచెం ఆగి, "తొమ్మిదో ఏటిది నాన్న చేసినట్టే ఉంది," అన్నాడు.

దెల్ఫీనా కొమ్మని గట్టిగా పట్టుకుంది. పట్టుకోకపోతే పడేదే. కన్నీళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అలాగే వదిలేసింది. తొమ్మిదో ఏడు ఆమె ఒక్కత్తే బానలో గిన్నె ముంచి రుచి చూసి, ఇది నాన్నదే అనుకుని, ఆ మాట చెప్పడానికి నాన్న చేతి రుచి ఎరిగినవాళ్లు ఇంట్లో ఎవరున్నారా అని వెతికి, ఊరుకుంది.

"నువ్వెందుకు ఎక్కలేదు?" అని అడిగింది, ఆ రెమ్మకి రెండు కణుపులు ఉంచి కోశాక.

"చెయ్యి పైకి లేవట్లేదు. మే నెలలో పట్టేసింది."

"కూలివాణ్ని పెట్టుకోవాల్సింది."

"అవ్వ మీద పరాయి కత్తా?"

"మరి నాదో?"

క్రిసాంతో ఆమె చేతిలోని కత్తెరకేసి చూశాడు.

"అది అమ్మ కత్తెర," అన్నాడు.

మధ్యాహ్నానికి పని అయింది. అవ్వ గుండు గీయించుకున్న ముసలమ్మలా తేలిగ్గా నిలబడింది. కొమ్మల సందుల్లోంచి ఎండ ఆ ఏడు మొదటిసారి రాయి మీద పడింది. నీల్దా ఉడికించిన మొక్కజొన్న, జున్ను, మిరపకాయ నూరుడు తెచ్చి రాయి మీదే పెట్టింది. ముగ్గురూ తిన్నారు. ఎంగిలి గిన్నెలు తీసుకుని నీల్దా వెళ్లిపోయింది. ఆ పిల్లకి సమయం తెలుసు.

దెల్ఫీనా చేతులు కడుక్కుని, తుడుచుకుని, మళ్లీ తుడుచుకుంది. చెప్పాల్సిన మాట పదేళ్లు ఊరింది, ఇక ఊరితే పులిసిపోతుంది.

"ఆ రోజు నీ టోపీ నాకు కనిపించింది," అంది. "అవతలి ఒడ్డున. నువ్వేనని తెలిసింది."

క్రిసాంతో ఏటివైపు చూస్తూ కూర్చున్నాడు.

"నువ్వు చూడటం నేనూ చూశాను," అన్నాడు. "నీ నల్లశాలువా ఇటు తిరిగింది. తర్వాత అటు తిరిగింది."

అంటే ఆ సంగతి ఆమె ఒక్కదాని దగ్గరే దాగి లేదు. ఇన్నేళ్లూ ఆయన మోసింది ఊళ్లో తిరిగిన మాటని కాదు, ఆ శాలువా తిరగడాన్ని. దెల్ఫీనాకి ఆ క్షణాన చచ్చిపోవాలనిపించింది.

"మర్నాడే నీళ్లు తగ్గాయి. ఒక్కరోజు ఆగాల్సింది నేను."

"ఆగాల్సింది," అన్నాడాయన.

ఫర్వాలేదులే అనలేదు. అలా అని ఉంటే ఆమె నమ్మేది కాదు. పైన ఒక పిట్ట వచ్చి కొత్తగా తెరిచిన కొమ్మ మీద వాలింది, ఇదెక్కడి చోటని చూసుకుని ఎగిరిపోయింది.

"కోతల వారం," అన్నాడు క్రిసాంతో కొంతసేపటికి. "ఆగుతామన్నా నాన్న ఆగనిచ్చేవాడు కాదులే. ముందు పండు కొయ్యండి, నన్ను తర్వాత మోద్దురుగాని అనేవాడు."

దెల్ఫీనా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఆయన జేబులోంచి నమిలే కోకా ఆకుల సంచి తీసి, ఎడమచేత్తో ఆమెకేసి చాపాడు. సంచి చాపితే కాదనే మర్యాద లోయలో లేదు. ఆమె నాలుగు ఆకులు తీసుకుంది.

ఆ ఏడు అవ్వ బాగా కాసింది. మార్చిలో కోతకి క్రిసాంతో వచ్చి చెట్టు కింద పీట వేసుకుని బుట్టలు లెక్కపెడుతున్నట్టు నటిస్తూ పండు తిన్నాడు. ఆయన చెయ్యి సగం దాకా లేస్తోంది, అంతకంటే లేవదని వైద్యుడు చెప్పేశాడు. ఇక చెట్టెక్కే పని నీల్దాదని ఇద్దరూ ఆ పిల్లని అడక్కుండానే తేల్చేశారు.

సాన్ హువాన్ పండగ వచ్చింది. బాన మూత తీశారు. మొదటి చుక్కలు నేలతల్లికి పోసి, దెల్ఫీనా కూజా నింపింది. పాత కూజాయే, విరిగిన చెవి స్థానంలో ఇనపతీగ చుట్టింది. తీసుకెళ్లి హద్దురాయి మీద పెట్టి, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి పది అడుగులు నడిచింది. అప్పుడు వెనకనుంచి గ్లాసుల చప్పుడు వినిపించింది. చూస్తే క్రిసాంతో రాయికి అవతల కూర్చుని ఉన్నాడు, ముందు రెండు గ్లాసులు పెట్టుకుని.

ఆమె తిరిగి వచ్చి రాయికి ఇవతల కూర్చుంది. ఆయన ఎడమచేత్తో కూజాని మెల్లిగా గ్లాసుల్లోకి వంచాడు. గ్లాసు ఎండకి ఎత్తి రంగు చూశాడు. ఒక గుక్క తాగి, నోట్లో తిప్పి, మింగాడు. కోర్టులో తీర్పుకోసం నిలబడ్డ మనిషిలా దెల్ఫీనా ఎదురుచూసింది.

"మొదట్లో మోల్యె కాయ ఘాటు తెలుస్తోంది," అన్నాడు చివరికి. "మధ్యలో బాగుంది. ఆఖర్న ఒక చిటికెడు పులుపు ఎక్కువ. నాలుగు రోజులాగి కొయ్యాల్సింది."

ఆమెకి ఉక్రోషం వచ్చింది. ఆ ఉక్రోషంలోనే ఎక్కడలేని సంతోషం కూడా వచ్చింది.

"పదకొండు కూజాలు పంపాను. ఏ ఒక్కసారైనా ఇలా ఒక్కమాట చెప్పి ఉంటే సరిచేసుకునేదాన్ని కదా అన్నా."

"చెప్పకపోవడమేమిటే," అన్నాడు క్రిసాంతో. గ్లాసు కింద పెట్టి, ఇనపతీగ చుట్టిన కూజాని తన వైపు తిప్పుకున్నాడు. "ఏటా చెప్పాను. దీనికి చెప్పి, కడిగి, బోర్లించేవాణ్ని."